‘అరిగిపోయింది’ అన్న మాట దగ్గరే ఆగిపోతున్న వైద్యం

వయసు మళ్లిన మనిషి మోకాలి నొప్పితో వైద్యుడి దగ్గరికి వెళ్లి, ఎక్స్‌రే తీయించుకుని తిరిగి వచ్చేటప్పుడు వెంట తెచ్చుకునే మాట చాలాసార్లు ఒక్కటే: గుజ్జు అరిగిపోయింది. ఆ మాట అబద్ధం కాదు, కానీ దాని వెంట వచ్చే ఆలోచన హాని చేస్తుంది. చెప్పు అరుగుతుంది, చక్రం అరుగుతుంది, సానరాయి అరుగుతుంది; అరిగే వస్తువును ఎంత తక్కువ వాడితే అంత ఎక్కువ కాలం వస్తుందన్నది అందరికీ తెలిసిన లెక్కే. ఆ లెక్కనే తన కాలికి వేసుకున్న మనిషి మెట్లు ఎక్కడం మానేస్తాడు, నడక తగ్గిస్తాడు, కుర్చీలోంచి లేవడానికి ఎవరైనా చెయ్యి అందించాలని చూస్తాడు. ఏడాది తిరిగేసరికి నొప్పి తగ్గదు సరికదా, అంతకుముందు చేతనైన పనులు కూడా చేతకాకుండా పోతాయి. వృద్ధుల ఎముకలకు, కీళ్లకు నేడు ఉన్న చికిత్సలో ఎక్కువ భాగం ఈ లెక్కను తిరగేసేదే. బరువు మోయడం వల్లనే బతికే అంగాలు ఇవి కాబట్టి ఎంత బరువు, ఎప్పుడు, ఎలా మోయించాలన్నదే అసలు వైద్యం; మందులు, ఇంజెక్షన్లు, ఆపరేషన్లు ఆ పనికి వీలు కల్పించే సాధనాలు.

గుజ్జు అని వాడుకలో పిలిచేది నిజానికి గుజ్జులా ఉండదు. అది ఎముక కొసలను కప్పి ఉండే నున్నటి, గట్టి మృదులాస్థి పొర. మందం కొన్ని మిల్లీమీటర్లే. దానిలో రక్తనాళాలు లేవు, నరాలూ లేవు. రక్తం నేరుగా అందని ఆ పొరకు పోషణ కీలులోని ద్రవం నుంచే రావాలి, ఆ ద్రవం లోపలికి ఇంకాలంటే కీలు మీద ఒత్తిడి పడి మళ్లీ తొలగాలి. స్పాంజిని నొక్కి వదిలినప్పుడు నీరు బయటికి పోయి తిరిగి లోపలికి చేరినట్టు. కదలని కీలులో ఈ రాకపోకలు మందగిస్తాయి. పొరలో నరాలు లేవంటే నొప్పి పుట్టేది ఆ పొరలో కాదన్నమాట. కీలును లోపలివైపు కప్పిన సన్నని తిత్తి వాచినప్పుడు, మృదులాస్థి కింది ఎముక మీద ఒత్తిడి పెరిగినప్పుడు, చుట్టూ ఉన్న కండరాలు, వాటి బంధాలు అలిసిపోయినప్పుడు నొప్పి వస్తుంది. ‘అరుగుదల’ అని పిలిచే ఈ జబ్బు వైద్య నామం ఆస్టియో ఆర్థరైటిస్; అది ఒక్క పొరకు వచ్చిన అరుగుదల కాదు, కీలు మొత్తానికి వచ్చిన జబ్బు. అందులో వాపు ఉంది, ఎముక అంచుల్లో కొత్త మొలకలు రావడం ఉంది, అంటే చెడిపోవడంతోపాటు శరీరం చేసుకునే మరమ్మతు కూడా ఉంది.

అందుకే ఎక్స్‌రేకూ బాధకూ తరచుగా పొంతన కుదరదు. 1957లో కెల్‌గ్రెన్, లారెన్స్ అనే ఇద్దరు పరిశోధకులు ఎక్స్‌రేలో కనిపించే మార్పులను 0 నుంచి 4 వరకు మెట్లుగా విడగొట్టారు. నేటికీ రిపోర్టుల్లో రాసే ‘గ్రేడ్ 3’, ‘గ్రేడ్ 4’ అక్కడి నుంచి వచ్చినవే. ఎముకల మధ్య ఎడం ఎంత తగ్గిందో, అంచులు ఎంత పెరిగాయో ఆ అంకె చెబుతుంది, మనిషి ఎంత దూరం నడవగలడో చెప్పదు. గ్రేడ్ 4 మోకాళ్లతో తమ పనులు తామే చేసుకునేవారు ఉన్నారు, గ్రేడ్ 2తో రాత్రి నిద్ర పట్టనివారూ ఉన్నారు. చికిత్స మొదలుపెట్టవలసింది ఆ అంకె దగ్గర కాదు, మనిషికి కష్టమవుతున్న పని దగ్గర.

అయితే వృద్ధాప్యంలో వచ్చే ప్రతి కీళ్ల నొప్పినీ అరుగుదల ఖాతాలో వేయడం మరో పొరపాటు, కొన్నిసార్లు ప్రమాదకరమైన పొరపాటు. లేచిన తరువాత గంటసేపటికి గానీ కీళ్ల బిగువు సడలకపోతే, రెండు చేతుల చిన్న కీళ్లు ఒకే తీరుగా వాస్తే అది రుమటాయిడ్ ఆర్థరైటిస్, అంటే శరీర రక్షణ వ్యవస్థ తన కీళ్ల మీదే దాడి చేసే జబ్బు కావచ్చు. దానికి వ్యాధి నిరోధక వ్యవస్థను అదుపు చేసే మందులు ఆలస్యం లేకుండా మొదలుపెట్టాలి. ఒక్క రాత్రిలో ఎర్రగా వాచి దుప్పటి తగిలినా ఓర్చుకోలేని నొప్పి పెట్టే కీలుకు వచ్చింది గౌట్, అంటే యూరిక్ యాసిడ్ స్ఫటికాలు పేరుకునే జబ్బు కావచ్చు, జ్వరం కూడా తోడైతే కీలులో చీము పట్టి ఉండవచ్చు, ఆ రెండోది అత్యవసరం. నడుస్తుంటే కాళ్లు లాగి, ముందుకు వంగినా కూర్చున్నా హాయిగా అనిపిస్తే తప్పు కాళ్లలో కాక వెన్నులో నరాల దారి ఇరుకు కావడంలో ఉండవచ్చు. తుంటి కీలు జబ్బు మోకాలి నొప్పిగా బయటపడటం కూడా అరుదు కాదు; మోకాలికి నెలల తరబడి చికిత్స చేసి, తుంటిని ఒక్కసారి కూడా తిప్పి చూడని సందర్భాలు ఉంటాయి.

ఎముక సంగతి వేరు. బయటికి రాయిలా కనిపించినా లోపల నిత్యం కూల్చివేత, నిర్మాణం సాగుతూనే ఉంటాయి. పాత ఎముకను కరిగించే కణాలు ఒకవైపు, కొత్త ఎముకను పేర్చే కణాలు మరోవైపు పనిచేస్తుండగా పెద్దవారి అస్థిపంజరంలో ఏటా సుమారు పదో వంతు కొత్తదవుతుంది. ముప్ఫై ఏళ్ల ప్రాంతంలో ఎముక గరిష్ఠ స్థాయికి చేరుతుంది, ఆ తరువాత మెల్లగా తరుగు మొదలవుతుంది. స్త్రీలలో నెలసరి ఆగిన తరువాతి కొన్నేళ్లు ఈస్ట్రోజన్ తగ్గడం వల్ల ఆ తరుగు వేగంగా సాగుతుంది. ఎముక తన మీద పడే బరువును బట్టి తన నిర్మాణాన్ని మార్చుకుంటుందని జర్మన్ శస్త్రవైద్యుడు జూలియస్ వోల్ఫ్ 1892లో ప్రతిపాదించాడు. ఆ సూత్రానికి బలమైన సాక్ష్యం అంతరిక్షం నుంచి వచ్చింది. శరీరానికి తన బరువే తెలియని స్థితిలో నెలల తరబడి గడిపే వ్యోమగాములకు తుంటి ప్రాంతంలో నెలకు 1 నుంచి 1.5 శాతం దాకా ఎముక తగ్గుతుంది. వారంతా ఆరోగ్యవంతులు, ఎంపిక చేసి పంపినవారు. మంచం పట్టిన వృద్ధుడి ఎముకకు ఏమవుతుందో ఊహించడానికి ఇంతకంటే ఆధారం అక్కర్లేదు.

ఎముకలు గుల్లబారడం, అంటే ఆస్టియోపోరోసిస్, విరిగేదాకా నొప్పి పెట్టదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 1994లో దీనికి ఒక గీత గీసింది: ఎముక సాంద్రతను కొలిచే డెక్సా అనే ఎక్స్‌రే స్కాన్‌లో ఆ సాంద్రతను ఆరోగ్యవంతమైన యువతుల సగటుతో పోల్చి చూసినప్పుడు టి-స్కోరు మైనస్ 2.5 లేదా అంతకంటే తక్కువ ఉంటే ఆస్టియోపోరోసిస్. ఆ గీత ఉపయోగకరమైనదే కానీ, స్కోరు అంతదాకా పడిపోనివారి ఎముకలు కూడా విరుగుతూనే ఉంటాయి. నిలుచున్న ఎత్తు నుంచి పడితే మణికట్టు విరిగిందంటే స్కాన్ సంగతి ఎలా ఉన్నా ఎముక బలహీనంగా ఉందనే అనుకోవాలి. వెన్నుపూసలైతే పడకుండానే, ఒక బరువు ఎత్తినప్పుడో వంగినప్పుడో కుంగిపోతాయి, చాలామందికి ఆ సంగతే తెలియదు. యవ్వనంలో ఉన్న ఎత్తు కంటే 4 సెంటీమీటర్లో అంతకు మించో తగ్గినా, వీపు గూనిలా వంగుతున్నా వెన్నుకు ఎక్స్‌రే తీయడం అవసరం. వయసు వస్తే ఎత్తు తగ్గడం మామూలేనని వదిలేసే అలవాటు ఇక్కడ ఖరీదైనది.

కీలు గురించి, ఎముక గురించి ఇంత మాట్లాడుకున్నా వృద్ధుల విషయంలో ముందుగా చూడవలసింది కండరాన్ని. వయసుతో కండరం తగ్గిపోవడానికి సార్కోపీనియా అనే పేరు 1989లో గానీ రాలేదు. పేరు లేని జబ్బుకు చికిత్స ఎవరు ఆలోచిస్తారు? ఆరోగ్యంగా ఉన్న వృద్ధులను పది రోజులు మంచం మీదే ఉంచి చేసిన ఒక అధ్యయనంలో వారి కాళ్ల నుంచి దాదాపు ఒక కిలో కండరం కరిగిపోయింది. పోయిన బలం తిరిగి వస్తుందా అన్న ప్రశ్నకు 1990లో అమెరికాలో జరిగిన ఒక చిన్న ప్రయోగం సమాధానం చెప్పింది. వృద్ధాశ్రమంలో ఉంటున్న 90 ఏళ్ల ప్రాయంలోని పదిమందితో ఎనిమిది వారాలు బరువులతో తొడ కండరాలకు వ్యాయామం చేయించగా, చివరిదాకా కొనసాగినవారి బలం సగటున 174 శాతం పెరిగింది. వారికి ఇచ్చినవి తేలికపాటి బరువులు కావు, వారు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో 80 శాతం దాకా వెళ్లాయి. వృద్ధులకు ‘మెల్లగా, తేలికగా’ అని రాసి ఇచ్చే వ్యాయామాలు చాలాసార్లు ఫలించకపోవడానికి కారణం కూడా ఇక్కడే దొరుకుతుంది: మోతాదు చాలని మందు పనిచేయదు.

ఆ మోతాదు ఎలా నిర్ణయిస్తారో కుర్చీలోంచి లేవడం అనే ఒక్క పనిలో చూడవచ్చు. సుమారు 43 సెంటీమీటర్ల ఎత్తున్న గట్టి కుర్చీలో మనిషిని కూర్చోబెట్టి, రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా పెట్టుకుని లేవమంటారు. బలం చాలని మనిషి వెన్ను వెనక్కి వాల్చి ఊపుతో లేవబోతాడు, లేవలేక కూలబడతాడు. ఫిజియోథెరపిస్టు ముందుగా సరిచేసేది వరుసను: నడుము కుర్చీ అంచుకు జరపాలి, పాదాలు మోకాళ్ల కంటే కాస్త వెనక్కి లాక్కోవాలి, ముక్కు కాలివేళ్లను దాటేంతగా ఒళ్లు ముందుకు వంచాలి, అప్పుడు మడమలతో నేలను నొక్కాలి. అయినా లేవలేకపోతే కుర్చీ మీద రెండు గట్టి దిండ్లు వేసి ఎత్తు పెంచుతారు. ఆ ఎత్తులో మనిషి పదిసార్లు లేవగలిగితే ఒక దిండు తీసేస్తారు, కొన్ని వారాలకు రెండోదీ తీసేస్తారు. తరువాత కూర్చునేటప్పుడు దబ్బున పడకుండా మూడు అంకెలు లెక్కపెడుతూ దిగడం నేర్పుతారు, ఎందుకంటే మెట్లు దిగడానికి కావలసినది ఆ అదుపే. 30 సెకన్లలో ఎన్నిసార్లు లేవగలిగారన్న లెక్కను రాసుకుంటే చికిత్స పనిచేస్తున్నదీ లేనిదీ ఏ స్కాన్ కంటే స్పష్టంగా తెలుస్తుంది.

వ్యాయామం మొదలుపెట్టగానే నొప్పి కాస్త పెరగడం సహజం, చాలామంది మానేసేది కూడా ఆ మొదటి రెండు వారాల్లోనే. నొప్పిని పదికి కొలుచుకుంటే మూడు, నాలుగు దాటకుండా, మర్నాటికి మామూలు స్థాయికి దిగేంతవరకు భయపడనవసరం లేదన్నది పునరావాసంలో, అంటే పోయిన బలాన్ని, కదలికను తిరిగి తెచ్చే చికిత్సలో పాటించే కొలత. మర్నాటికి దిగకపోతే వ్యాయామం మానడం కాదు, మోతాదు తగ్గించడం. ఆ నియమం ముందే చెప్పకుండా కాగితం మీద బొమ్మలు గీసిచ్చి పంపితే, వచ్చిన మొదటి నొప్పే ‘ఇంకా అరిగిపోతోంది’ అన్న భయాన్ని నిజం చేస్తుంది.

కీలు మీద పడే బరువును తగ్గించే మార్గాల్లో రెండు చాలా సులువైనవి. ఒళ్లు ఒక కిలో తగ్గితే నడకలో ఒక్కో అడుగుకు మోకాలి మీద పడే భారం సుమారు నాలుగు కిలోలు తగ్గుతుంది. అయితే వృద్ధులు తిండి తగ్గించి బరువు తగ్గితే కొవ్వుతోపాటు కండరం కూడా పోతుంది కాబట్టి, శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు అందేలా చూసుకుంటూ, వ్యాయామంతోపాటే ఆ పని చేయాలి. మూత్రపిండాల జబ్బు ఉన్నవారికి ఈ లెక్క వైద్యుడు మార్చి చెబుతాడు. రెండోది చేతికర్ర. నొప్పి ఉన్న కాలివైపే కర్ర పట్టుకోవడం ఎక్కడ చూసినా కనిపించే పొరపాటు. పట్టుకోవలసింది ఎదుటి చేతిలో, అంటే నొప్పి లేని వైపు చేతిలో. ఒంటికాలి మీద నిలబడినప్పుడు ఒళ్లు పక్కకు ఒరగకుండా ఆ తుంటి పక్కనున్న కండరాలు గట్టిగా లాగవలసి వస్తుంది, ఆ లాగుడు వల్లే తుంటి మీద శరీర బరువుకు రెండు మూడింతల ఒత్తిడి పడుతుంది. ఎదుటి చేతిలోని కర్ర ఆ కండరాల పనిని కొంత పంచుకుంటుంది. చెయ్యి వదులుగా వేలాడదీసినప్పుడు మణికట్టు మడత ఉన్న ఎత్తే కర్ర పిడికి సరైన ఎత్తు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు నొప్పి కాలు ముందు.

నొప్పి మందుల పాత్ర పరిమితం. మోకాలికి, చేతివేళ్లకు పైపూతగా వాడే డైక్లోఫెనాక్ వంటి జెల్‌లను ముందు ప్రయత్నించడం సబబు, ఎందుకంటే రక్తంలోకి వెళ్లే మందు తక్కువ. అదే రకం మందును మాత్రగా నెలల తరబడి మింగితే కడుపులో పుండ్లు, రక్తస్రావం, మూత్రపిండాల నష్టం, రక్తపోటు పెరగడం, గుండె జబ్బు ముప్పు ఉంటాయి; ఆ ముప్పులన్నీ వయసుతోపాటు పెరిగేవే. కీలులోకి ఇచ్చే స్టెరాయిడ్ ఇంజెక్షన్ కొన్ని వారాల ఉపశమనం ఇస్తుంది, ఆ వారాలను వ్యాయామానికి వాడుకుంటే దానికి అర్థం ఉంది. మూడు నెలలకోసారి చొప్పున రెండేళ్లు ఇచ్చి చూసిన ఒక అధ్యయనం 2017లో ప్రచురితమైంది: ఉప్పునీటి ఇంజెక్షన్ తీసుకున్నవారితో పోలిస్తే నొప్పిలో తేడా లేదు, మృదులాస్థి మాత్రం స్టెరాయిడ్ తీసుకున్నవారికే ఎక్కువ తగ్గింది. గొట్టం పెట్టి మోకాలిని కడిగి శుభ్రం చేసే ఆపరేషన్‌ది ఇంకా విచిత్రమైన కథ. 2002లో 180 మందిపై జరిగిన పరీక్షలో కొందరికి నిజంగా ఆ ఆపరేషన్ చేశారు, కొందరికి చర్మం మీద గాట్లు మాత్రమే పెట్టి కుట్టేశారు. రెండేళ్లు గమనించినా ఆ గుంపుల మధ్య తేడా కనిపించలేదు.

ఎముకల మందుల విషయంలో చెడేది ఎక్కువగా వాడే తీరులోనే. కాల్షియం, విటమిన్ డి లోపం లేకుండా చూసుకోవాలి, కానీ ఒకసారి ఎముక విరిగిన మనిషికి అవి మాత్రమే ఇచ్చి పంపడం చికిత్స కాదు. విటమిన్ డి ఎంత ఎక్కువైతే అంత మంచిదనుకోవడమూ కుదరదు. ఏడాదికోసారి 5 లక్షల యూనిట్లు ఒకే మోతాదుగా ఇచ్చిన ఒక ప్రయోగంలో పడిపోవడాలు, ఎముకలు విరగడం తగ్గకపోగా పెరిగాయి. ఎముక తరుగును తగ్గించడానికి వారానికొక మాత్రగా ఇచ్చే అలెండ్రోనేట్‌ను పొద్దున పరగడుపున, నిండు గ్లాసు మంచినీళ్లతో మింగి, అరగంటసేపు పడుకోకుండా, మరేమీ తినకుండా ఉండాలి. టీతో మింగితే మందు ఒంటబట్టదు, మింగి మళ్లీ నడుం వాలిస్తే ఆహారనాళం పుండవుతుంది. ఈ మాత్రలు అయిదేళ్లు వాడాక ముప్పు తక్కువగా ఉన్నవారికి విరామం ఇవ్వవచ్చు. అదే పనికి ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ ఇంజెక్షన్ విషయంలో మాత్రం అలాంటి విరామం ప్రమాదం: ఒక మోతాదు చాలాకాలం ఆలస్యమైతే ఆగి ఉన్న తరుగు ఒక్కసారిగా విరుచుకుపడి, కొందరికి వరసగా రెండు మూడు వెన్నుపూసలు కుంగుతాయి. ఆపాలంటే మరో మందుకు మార్చే ఆపాలి. మొదటి ఇంజెక్షన్ ఇచ్చే రోజునే ఈ మాట చెప్పాలి.

తుంటి ఎముక విరిగినప్పుడు పునరావాసం గంటల్లో మొదలవుతుంది. ఏడాదిలోపు మరణించేవారు ఇంచుమించు నాలుగో వంతు ఉండే ఈ గాయంలో, ఆపరేషన్‌ను ఒకటి రెండు రోజుల్లోనే చేయడం, మర్నాడే మనిషిని లేపి నిలబెట్టడం ఫలితాన్ని మారుస్తాయి. ఈ వయసులో ఆపరేషన్ ఎందుకని మంచం మీదే ఉంచితే న్యుమోనియా, రక్తం గడ్డకట్టడం, పడక పుండ్లు, మతి భ్రమ వరస కడతాయి. ఇంటివారు భయపడేది కత్తికి, ప్రాణం తీసేది చాలాసార్లు మంచం.

కీలు మార్పిడి సంగతి ఇంతకంటే ఆశాజనకం. ఇంగ్లండ్‌లో జాన్ చార్న్‌లే 1962లో రూపుదిద్దిన తుంటి కీలు, లోహపు గుండు, ప్లాస్టిక్ గిన్నె, వాటిని పట్టి ఉంచే సిమెంటు, నేటి ఆపరేషన్లకు పునాది. మార్చిన మోకాళ్లలో దాదాపు 82 శాతం, తుంటి కీళ్లలో 58 శాతం 25 ఏళ్లు నిలుస్తున్నాయని 2019లో ప్రచురితమైన రిజిస్ట్రీల (ఆపరేషన్లను నమోదు చేసే జాతీయ జాబితాల) లెక్క చెబుతోంది. లోహపు కీలు బాగానే ఉండి కాలు మాత్రం సరిగా రాకపోవడానికి చాలాసార్లు కారణం ఒక దిండు. ఆపరేషన్ తరువాత మోకాలిని కాస్త వంచి ఉంచితే హాయిగా ఉంటుంది, కాబట్టి ఇంట్లో ఎవరో ఒకరు ప్రేమగా మోకాలి కింద దిండు పెడతారు. కొన్ని వారాలు అలా గడిస్తే మోకాలి వెనుక భాగం బిగుసుకుపోయి కాలు పూర్తిగా చాపడం రాదు, చాపలేని కాలితో వేసే ప్రతి అడుగూ తొడ కండరాన్ని అలసటకు గురిచేస్తుంది. దిండు పెట్టవలసింది మడమ కింద. ఇంకొక అడ్డంకి, వాచిన మోకాలు తొడ కండరాన్ని స్విచ్ కట్టేసినట్టు ఆపేయడం. మనిషి బిగించాలనుకున్నా కండరం పలకదు. అందుకే మొదటి రోజుల్లో ఐసు, కాలు ఎత్తి ఉంచడం, గంటగంటకూ తొడ బిగించి వదలడం, ఇవే పెద్ద పనులు. ఆపరేషన్‌కు ముందే కొన్ని వారాలు తొడ కండరాన్ని బలపరుచుకుని వెళ్లినవారికి తొలి వారాలు తేలికవుతాయి.

ఇన్ని చేసినా ఒక్కసారి పడితే అంతా మొదటికి వస్తుంది. 65 ఏళ్లు దాటినవారిలో ఏటా ముగ్గురిలో ఒకరు పడుతున్నారు. నిద్రమాత్రలు, పడుకుని లేచినప్పుడు రక్తపోటు పడిపోయేలా చేసే మందులు, కంటి శుక్లాలు, చీకటి నడవా, జారే స్నానాలగది, వదులు చెప్పులు, వీటిలో దేన్ని సరిచేసినా కొంత ముప్పు తగ్గుతుంది. అన్నిటికంటే ఎక్కువగా తగ్గించేది నిలకడను సవాలు చేసే వ్యాయామం, అంటే ఒంటికాలి మీద నిలబడటం, ఒకే గీత మీద నడవడం, తాయ్ చీ అనే నెమ్మదైన చైనా వ్యాయామం వంటివి. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవడానికి 12 సెకన్లు లేదా అంతకు మించి పడుతుంటే పడే ముప్పు ఎక్కువగా ఉన్నట్టే.

ఒకసారి పడినవారిని ఆ తరువాత ఎక్కువగా కట్టిపడేసేది భయం. మళ్లీ పడతానేమోనని నడక మానేయడంతో బలం తగ్గుతుంది, బలం తగ్గడంతో నిజంగానే పడతారు. ఆ భయాన్ని మాటలతో కంటే లేవడం నేర్పించడంతో పోగొట్టడం సులువు, కానీ ఈ ఒక్క పాఠం చాలా పునరావాస కార్యక్రమాల్లో కనిపించదు. పక్కన ఒకరిని ఉంచుకుని, మెత్తటి చాప మీద దీన్ని సాధన చేయించాలి. పడ్డ వెంటనే లేవబోకుండా కొద్దిసేపు అలాగే ఉండి దెబ్బ ఎక్కడ తగిలిందో చూసుకోవాలి. కాలు కదపలేనంత నొప్పి ఉంటే లేవకుండా కేక వేయాలి. దెబ్బ లేదనుకుంటే పక్కకు ఒత్తిగిలి, మోచేతి మీద ఒళ్లు లేపి, చేతులు, మోకాళ్ల మీదికి రావాలి. అలాగే పాకుతూ గట్టి కుర్చీ దాకా వెళ్లి రెండు చేతులూ దాని మీద ఆనించాలి. బలమైన కాలి పాదాన్ని నేలకు ఆనించి, చేతులతో కుర్చీని నొక్కుతూ ఒళ్లు పైకి లేపి, మెల్లగా తిరిగి కుర్చీలో కూర్చోవాలి. లేచిన వెంటనే నడవకూడదు, తల తిరుగుడు తగ్గేదాకా అక్కడే ఉండాలి.